మెట్ల కిన్నెరకు, ఇంట్లో చేసుకున్న స్టీల్ గిటార్‌కు పికప్ ఎంపిక

తీగ కదలికను విద్యుత్తుగా మార్చి స్పీకరుకు అందించే పరికరం పికప్. దుకాణంలో కొన్న ఎలక్ట్రిక్ గిటార్‌కు అది ముందే అమర్చి ఉంటుంది. చేత్తో చేసుకున్న వాద్యానికి మాత్రం ఏ పికప్ పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది చేసినవారే తేల్చుకోవాలి. దక్షిణ తెలంగాణ మెట్ట నేలలో, అంటే పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో, చేత్తో చేసుకునే తీగ వాద్యం అనగానే ముందుగా తలుచుకోవలసింది మెట్ల కిన్నెరను. చెక్క పలక మీద తీగలు బిగించి, ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించే స్టీల్ గిటార్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉంటుంది. కిన్నెర గొంతు దాని సొరకాయ బుర్రలో ఉంది. స్టీల్ గిటార్ గొంతు తీగలోనే ఉంది. ఒకదానికి నప్పిన పికప్ రెండోదానికి నప్పకపోవడానికి మూలం ఈ తేడాయే.

కిన్నెర

వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండి మీద తేనె మైనంతో నిలబెట్టిన మెట్లు, వాటి మీదుగా లోహపు తీగలు. స్థూలంగా కిన్నెర నిర్మాణం ఇది. పూసలు, అద్దపు బిళ్లలు, నెమలి ఈకలు దానికి సింగారం. పశువుల కొమ్ము, నరాలు, వెంట్రుకలు కూడా దీని తయారీలో వాడే పదార్థాలే. మెట్లు పన్నెండు ఉంటే పన్నెండు మెట్ల కిన్నెర అంటారు.

ఇది చాలా పాత వాద్యం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో కిన్నరీ వీణను లఘ్వి, బృహతి అనే భేదాలతో వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. పెద్ద కచేరీలలోకి వీణ వచ్చి కూర్చున్నాక కిన్నెర ఊళ్లలో మిగిలింది. డక్కలి వారు జాంబపురాణం చెప్పేటప్పుడు దీన్ని వాయిస్తారు. పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న వంటి వీరుల కథలు దీని మీదే నడిచాయి.

ఈ వాద్యాన్ని మళ్లీ అందరి చెవిన వేసినవారు దర్శనం మొగులయ్య. ఆయనది ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 తరువాత నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న లింగాల మండలం అవుసలికుంట. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు ఆయన గొంతుతో ఎత్తుగడ దొరికింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. దాని తరువాత కిన్నెర పెద్ద వేదికలెక్కడం మామూలైంది. వందల మంది కూర్చున్న ఆరుబయట సభలో, పక్కనే డప్పులు మోగుతుంటే, సొరబుర్ర నుంచి వచ్చే నాదం నాలుగో వరుస దాటదు. పికప్ ప్రశ్న అక్కడ పుడుతుంది.

తీగను వినేది, ఒంటిని వినేది

పికప్‌లు ప్రధానంగా రెండు జాతులు. మొదటిది అయస్కాంత పికప్. అయస్కాంతం చుట్టూ సన్నని ఎనామెల్ రాగి తీగను వేల చుట్లు చుట్టి ఉంచుతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. ఈ పికప్‌కు వాద్యం ఒళ్లు దాదాపు వినిపించదు. అది వినేది తీగనే, అదీ అయస్కాంతం ఆకర్షించే లోహపు తీగనే. ఇత్తడి, కంచు, నరం, వెంట్రుక దానికి మౌనంతో సమానం. ఉక్కు తీగ మీద కంచు చుట్టిన తీగ వినిపిస్తుంది గాని పక్కనున్న ఒట్టి ఉక్కు తీగ కంటే బలహీనంగా. పికప్ కొనక ముందే చేయగల పరీక్ష ఒకటుంది: ప్రతి తీగ దగ్గరికీ చిన్న అయస్కాంతం పట్టుకుపోవాలి. ఎంత గట్టిగా అంటుకుంటే ఆ తీగ అంత గట్టిగా వినిపిస్తుంది. అంటుకోని తీగ ఒక్కటున్నా ఈ జాతిని పక్కన పెట్టడం మేలు.

రెండోది పీజో పికప్. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఎలక్ట్రానిక్ బజర్లలో ఉండే పలుచని ఇత్తడి బిళ్ల, దాని మీద తెల్లని సెరామిక్ పూత, రెండు వైర్లు: ఇంట్లో చేసుకునేవారికి సులువుగా, చౌకగా దొరికే పీజో ఇదే. ఇది తీగను పట్టించుకోదు. తాను అంటుకున్న చోట వాద్యం ఒళ్లు ఎలా వణుకుతుందో దాన్నే చెబుతుంది. తీగ దేనితో చేసినదైనా దానికి ఒకటే.

కిన్నెరకు అయస్కాంత పికప్ పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఉక్కు తీగలు ఉంటే పనిచేస్తుంది. కాని స్పీకరులోంచి వచ్చేది కిన్నెర కాదు, ఎక్కడో విన్నట్టుండే ఒక గిటార్. బుర్రలోని గాలి, వెదురులోని గరగర, మైనంలో కూర్చున్న మెట్టు మీద తీగ చేసే చిన్న చిటపట, ఇవన్నీ మాయమవుతాయి. కిన్నెరను వేదిక ఎక్కించి దాని గొంతు తీసేయడం నా దృష్టిలో దాన్ని ఎక్కించకపోవడం కంటే అన్యాయం. పైగా వెదురు దండి తేలికైనది. ఉక్కు, అయస్కాంతం, రాగి కలిసిన బరువు దాని ఊపును మారుస్తుంది. పికప్‌కు సందు చేయడానికి దండిని తొలిస్తే వాద్యమే బలహీనపడుతుంది.

అందువల్ల కిన్నెరకు పీజోయే తగినది. బిళ్లను బుర్ర నడిబొడ్డున అంటిస్తే నాదం మొద్దుగా, గుమ్మడికాయ కొట్టినట్టు వస్తుంది. దండికీ బుర్రకూ అతుకు పడే చోట అంటిస్తే తీగ స్పష్టత, బుర్ర గుండ్రదనం రెండూ సమపాళ్లలో వస్తాయి. అక్కణ్నుంచి ఒక్కో అంగుళం జరుపుతూ, ఎవరో ఒకరు స్పీకరు ముందు కూర్చుని వింటూ, చోటు ఖాయం చేసుకోవాలి. అంటించడానికి బజారు జిగురు కంటే కిన్నెరలో ఇప్పటికే ఉన్న తేనె మైనం బాగా పనిచేస్తుంది. కంపనాన్ని చక్కగా దాటిస్తుంది, తీసేస్తే మచ్చ మిగలదు. కాని ఎండ సంగతి మరవకూడదు. నల్లగొండలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరిగినా అంతకు చాలా ముందే మెత్తబడి జారుతుంది. కాబట్టి మైనం మీదుగా ఒక నూలు దారం కూడా కట్టాలి.

పీజోకు ఉన్న చెడ్డపేరు దాని తప్పు కాదు. ఊరి సౌండు సిస్టం మిక్సరులోకి బిళ్లను నేరుగా దూరిస్తే శబ్దం కీచుగా, రేకు డబ్బా మోగినట్టు వస్తుంది. దానికి లెక్క ఉంది. 27 మిల్లీమీటర్ల బిళ్ల కెపాసిటెన్స్ దాదాపు 20 నానోఫారడ్లు. మిక్సరు లైన్ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 కిలోఓంలు. ఈ రెండూ కలిస్తే సుమారు 800 హెర్ట్జ్ కింద ఉన్న స్వరాలన్నీ మెట్లు దిగుతున్నట్టు తగ్గిపోతాయి. మగ గొంతు ఆధార షడ్జం తరచుగా 140 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే కిన్నెర మంద్రం చాలా వరకు పోయినట్టే. అదే బిళ్లను 1 మెగాఓం ఇన్‌పుట్‌కు కలిపితే ఆ కోత 8 హెర్ట్జ్ దాకా దిగిపోతుంది, అది చెవికి అందని చోటు. అందుకని బిళ్లకూ మిక్సరుకూ మధ్య 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్ డబ్బా (అంత ఎక్కువ నిరోధంతో బిళ్లను విని మిక్సరుకు అందించేది) తప్పనిసరి. కిన్నెర వాయించేవారు తమ వాద్యంతో పాటు ఈ డబ్బాను కూడా సొంతంగా వెంట తెచ్చుకోవడం మంచిది. వేదిక దగ్గర దొరుకుతుందని నమ్మితే ఇబ్బందే.

బిళ్లకు వైరు అతికేటప్పుడు సోల్డరింగ్ ఇనుమును క్షణకాలమే తాకించాలి. ఎక్కువ సేపు పెడితే వెండి పూత లేచిపోతుంది.

కిన్నెర పాటగాడు పాడుతూనే వాయిస్తాడు. పాటా నాదమూ ఒకే ఛాతీ నుంచి వచ్చినట్టుంటాయి. నిశ్శబ్దంగా కూర్చుని వినే చిన్న సభలో పికప్ అవసరమే లేదు. గొంతుకూ బుర్రకూ మధ్య ఒక మంచి మైకు చాలు. డప్పుల మధ్య, పెద్ద మైదానంలో మైకు శబ్దం పెంచితే స్పీకరు కూత పెడుతుంది. అప్పుడు పీజో ముందుకు రావాలి, మైకు వెనక్కి తగ్గాలి.

ఉక్కు కడ్డీ కింద తీగ

స్టీల్ గిటార్ అన్న పేరు వాద్యం దేనితో చేశారన్న దాన్నిబట్టి రాలేదు, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని బట్టి వచ్చింది. 19వ శతాబ్దం చివర హవాయి దీవుల్లో జోసెఫ్ కెకూకు ఈ పద్ధతిని రూపుదిద్దాడని ప్రసిద్ధి. జారుడు వాద్యం తెలుగువారికి కొత్తేమీ కాదు. తంజావూరును 1600 నుంచి 1634 వరకు ఏలిన రఘునాథ నాయకుడు తెలుగులో రాసిన శృంగార సావిత్రిలో గోటువాద్యం ప్రస్తావన ఉంది. మెట్లు లేని వీణ మీద నల్లచేవ కర్రముక్క జార్చి వాయించే ఆ వాద్యాన్ని నేడు చిత్రవీణ అంటున్నారు. హిందుస్తానీ సంగీతంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని రాగాలు పలికించాడు. ఆ దారిలో నడిచిన విశ్వమోహన్ భట్‌కు, రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు గాను, 1994లో గ్రామీ వచ్చింది.

ప్రపంచంలో విజయవంతమైన తొలి ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఒళ్లో వాయించేదే. జార్జ్ బోషాంప్ రూపకల్పనలో 1931లో నమూనా తయారై, 1932లో రికెన్‌బ్యాకర్ సంస్థ అమ్మకానికి పెట్టిన ఆ వాద్యం పెనంలా గుండ్రంగా ఉండేది కాబట్టి ఫ్రైయింగ్ ప్యాన్ అన్న పేరు స్థిరపడింది. రెండు గుర్రపునాడా అయస్కాంతాలు తీగల మీదుగా కమానులా వంగి ఉండేవి. 1937 ఆగస్టు 10న దానికి పేటెంటు వచ్చింది. తొలి ఎలక్ట్రిక్ గిటార్ స్టీల్ గిటారే కావడంలో ఒక సబబు ఉంది. దానికి మెట్లు అక్కర్లేదు, మెడ వంపు అక్కర్లేదు, బోలు పొట్ట అక్కర్లేదు. గట్టి పలక, బిరడాలు, రెండు చివర్లా తీగను ఎత్తి పట్టే ఆధారాలు, మెట్ల స్థానాలు చూపే గీతలు చాలు. తలుపులు చేసే వడ్రంగి ఎవరైనా చక్కగా ఎండిన టేకు పలకతో ఒక రోజులో చేయగలడు. అందుకే ఇంట్లో చేసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి మొదటి ఎలక్ట్రిక్ వాద్యం లేదు.

ఇక్కడ అయస్కాంత పికప్‌దే రాజ్యం. గట్టి పలకకు పీజో అంటిస్తే కడ్డీ తీగ మీద రాసుకునే బరబర, కడ్డీ దించినప్పటి టక్కుమనే చప్పుడు ముందుగా వినిపిస్తాయి.

మామూలు గిటార్ పికప్‌ను స్టీల్ గిటార్‌కు తెచ్చేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మామూలు గిటార్‌లో తీగలు కొద్దిపాటి వంపులో ఉంటాయి, అందుకు తగ్గట్టు పికప్ మేకులు (ఒక్కో తీగ కింద నిలబడే అయస్కాంత కడ్డీలు) కొన్ని ఎత్తుగా, కొన్ని పల్లంగా ఉంటాయి. స్టీల్ గిటార్ తీగలన్నీ ఒకే చదునులో ఉండాలి, లేకపోతే కడ్డీ అన్నింటినీ తాకదు. కాబట్టి మేకులు సమంగా ఉన్న పికప్ కావాలి. మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం మామూలు గిటార్ పికప్‌లో 50 నుంచి 52 మిల్లీమీటర్లు. ఇంట్లో చేసిన వాద్యంలో తీగల ఎడం సాధారణంగా అంతకన్నా ఎక్కువే పెట్టుకుంటారు. అప్పుడు అంచు తీగలు మేకుల బయటికి పోయి నీరసంగా పలుకుతాయి. మేకులకు బదులు పొడవాటి పట్టీ ఉన్న పికప్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు, తీగ ఎక్కడున్నా పట్టీ మీదే ఉంటుంది. తీగల ఎడం ఇంకా తేల్చుకోని కొత్తవారికి పట్టీ పికప్‌నే ముందు చెబుతాను.

పికప్‌ను బ్రిడ్జికి (వీణలో గుర్రం అనేదానికి) ఎంత దూరంలో పెట్టాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. తీగ పొడవులో పదో వంతు దగ్గర పికప్ ఉందనుకుందాం. కడ్డీని పన్నెండో గీత మీద పెడితే మోగే తీగ సగమవుతుంది, పికప్ కదలదు. అంటే ఇప్పుడది మోగే పొడవులో ఐదో వంతు దగ్గరికి వచ్చినట్టు. ఇంకా పైకి పోతే నాదం మరింత మెత్తబడి ముద్దగా అవుతుంది. పికప్ ముందే బ్రిడ్జికి దూరంగా ఉంటే పై స్థాయిలో పస ఉండదు. బ్రిడ్జికి దగ్గరగా పెట్టి, కాస్త ఎక్కువ చుట్లున్న పికప్‌తో గరుకుదనాన్ని తగ్గించుకోవడం సరైన దారి. మామూలు గిటార్‌లో వేలితో అదిమితే తీగ కిందికి వంగి పికప్‌కు దగ్గరవుతుంది, స్టీల్ గిటార్‌లో తీగ వంగదు. అందువల్ల తీగకూ పికప్‌కూ ఎడం 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య చెవికి నచ్చిన చోట ఒకసారి నిలిపితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

చుట్ల సంఖ్య పెరిగితే శబ్దం బలపడుతుంది, ఆ మేరకు పై స్వరాల మెరుపు తగ్గుతుంది. సాధారణ ఒంటి చుట్ట గిటార్ పికప్‌లో 8,000 చుట్లు, 6 నుంచి 8 కిలోఓంల నిరోధం ఉంటుంది. కాలితో తీగలను సాగదీసే పెడల్ స్టీల్ గిటార్ పికప్‌లు 15 నుంచి 20 కిలోఓంల వరకు పోతాయి. ఆరు తీగల ఇంటి వాద్యానికి 8 నుంచి 10 మధ్య చాలు.

పికప్ వాద్యాన్నే ఎలా మార్చగలదో చూపించినవాడు మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది, జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. ఆయన గట్టి ఒంటి ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, ఒంటి తీగలు ఐదే ఉంచాడు. శబ్దాన్ని పెంచే బాధ్యత పికప్‌కు అప్పగించడంతో తీగ గమకానికి ఖాళీ అయింది. కర్ణాటక సంగీతం ఆ చిన్న వాద్యంలో పూర్తిగా ఒదిగింది. స్టీల్ గిటార్ మీద మన రాగాలు వాయించాలనుకునేవారు పాఠంగా తీసుకోవలసిన పని అది.

చుట్టుకోవడం

పికప్ కొనకుండా చుట్టుకోవచ్చు. బోర్ల మీద సేద్యం నడిచే ఈ జిల్లాల్లో మోటారు వైండింగ్ దుకాణం లేని మండల కేంద్రం కనిపించడం కష్టం. అక్కడ చుట్టే నేర్పు ఉంది గాని తీగ సరిపోదు. పికప్‌కు కావలసిన రాగి తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, తల వెంట్రుకంత. ఫ్యానుకు వాడేదే దీనికి మూడింతల దాకా మందం, బోరు మోటారుది ఇంకెంతో లావు. ఫ్యాను తీగతో చుడితే 8,000 చుట్లు పట్టే చోట వెయ్యి కూడా పట్టవు, శబ్దం ఆ మేరకు పడిపోతుంది. కాబట్టి సన్నతీగను విడిగా తెప్పించుకోవాలి.

ఎనిమిది వేల చుట్లు అనగానే ఈ నేలవారికి ఆసు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పే పని, గుర్తుకు రావాలి. తేలియా రుమాలు, ఇక్కత్ చీరలు నేసే ఉమ్మడి నల్లగొండ చేనేత ఇళ్లలో ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పని చేసీ చేసీ భుజం పట్టేసిన తల్లిని చూసి, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పికప్ చుట్టడంలోనూ కష్టం రెండు చోట్లే: తీగ బిగువు ఒకేలా ఉండాలి, లెక్క తప్పకూడదు. బిగువు ఎక్కువైతే వెంట్రుకంత తీగ తెగుతుంది, తక్కువైతే చుట్ట వదులై ఈలలు పెడుతుంది. కుట్టుమిషను మోటారుకు బాబిన్ బిగించి, ప్రతి చుట్టుకూ ఒకసారి నొక్కుడు పడేలా పాత క్యాలిక్యులేటర్ మీటను కలిపితే లెక్క అదే చూసుకుంటుంది.

అయస్కాంతం విషయంలో అత్యాశ వద్దు. పాడైన హార్డ్‌డిస్కులో దొరికే నియోడిమియం ముక్క చాలా బలమైనది. తీగ కింద దగ్గరగా పెడితే తీగనే లాగి పట్టుకుని శ్రుతి తప్పిస్తుంది, నాదం నిలబడదు. ఆల్నికో కడ్డీలు, అవి దొరక్కపోతే ఫెరైట్ పట్టీ, మేలు. చుట్టిన తరువాత పారఫిన్‌లో ఐదో వంతు తేనె మైనం కలిపి, 65 డిగ్రీల దగ్గర కరిగించి, అందులో పికప్‌ను బుడగలు ఆగేదాకా ముంచాలి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్లలో ఉంచాలి. వేడి పెరిగితే ప్లాస్టిక్ బాబిన్ వంకర పోతుంది.

జాతర వేదిక

ఇంట్లో బాగున్న పికప్ జాతర వేదిక మీద గుయ్యిమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. జనరేటరు, సీరియల్ బల్బులు, ట్యూబులైటు చోకులు 50 దగ్గర, 100 దగ్గర రొద చేస్తాయి, ఒంటి చుట్ట పికప్ దాన్ని తీగతో సమానంగా వింటుంది. 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ దీనికి మందు కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురు దిశల్లో చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేసి కలిపితే రొద ఒకదానికొకటి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కూడుకుంటుంది. హంబకర్ అనే ఈ జంట చుట్ట కాస్త మెరుపు తగ్గించినా, మన వేదికల మీద స్టీల్ గిటార్‌కు నేను దీన్నే ఎంచుతాను. పీజో బిళ్లకు జంట పద్ధతి అంత సులువు కాదు, బిళ్లను రాగి రేకుతో కప్పి ఆ రేకును కేబుల్ పై జాలీకి అతికితే రొద చాలా వరకు తగ్గుతుంది. కేబుల్ పొట్టిగా ఉండాలి. ప్రతి మీటరూ సుమారు 100 పికోఫారడ్లు మోస్తుంది, అయస్కాంత పికప్‌కు పొడుగు కేబుల్ తగిలిస్తే పై స్వరాలు దానిలోనే ఇంకిపోతాయి.

అయస్కాంత పికప్ ఉన్న వాద్యంలో రొద తగ్గడానికి తీగలను ఎర్తుకు కలుపుతారు. వేదిక ఎర్తు సరిగ్గా లేకపోతే ఒక చేత్తో తీగలు, పెదవుల దగ్గర మైకు ఉన్న గాయకుడికి షాకు తగలవచ్చు. వాయించే ముందు మైకు గ్రిల్లుకూ తీగలకూ మధ్య మల్టీమీటరు పెట్టి వోల్టేజి చూడడం రెండు నిమిషాల పని. పీజో పెట్టిన కిన్నెరలో తీగలు కరెంటుకు ఎక్కడా తగలవు. పాడుతూ వాయించే వాద్యానికి పీజోను ఎంచడానికి ఇది కూడా ఒక కారణం.

కిన్నెరను భద్రపరచడానికి రికార్డు చేసేటప్పుడు మాత్రం పికప్ తీసి పక్కన పెట్టాలి. ఫ్యాను ఆపిన గదిలో ఒక మైకు బుర్రకు ఒక అడుగు దూరంలో, ఇంకొకటి గాయకుడి నోటి ఎత్తున పెట్టి, రెండింటినీ వేరు వేరు ట్రాకుల్లో, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్లలో తీసుకోవాలి. పాటకు ముందు ప్రతి మెట్టునూ కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా మీటించి ఆ శబ్దాన్నీ ఉంచితే, రేపు ఇంకో కిన్నెర చేసేవారు తమ మైనంలో మెట్టు ఎక్కడ నిలపాలో దాన్ని విని తెలుసుకుంటారు.